గుంటూరు గ్రాన్యూల్స్

సెప్టెంబరు 24, బుధవారం

ఈ డైరీ పొలిమేరల్లో సంచరించే దోమలకు, బల్లులకు, ప్రొఫెసర్లకు యలమంద అనబడే నేను చేయు ప్రకటన. కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ గది గుమ్మం వద్ద గల నీలం రబ్బరు చెప్పుల విషయమై ఈ ఉదయం నుంచి కొత్త శాసనం అమల్లోకి వచ్చినది. ఏ జతలోనూ రెండు చెప్పులు ఒకే కొలతలో ఉండరాదు. ఒకటి ఏనుగుది, రెండోది ఎలుకది. డాక్టరేటు ఉన్నవాడైనా లేనివాడైనా కుంటుతూనే లోపలికి పోవలెను. ధిక్కరించినవారికి టీ తేబడదు.

శాసనం చేసింది నేను, అమలు చేసింది నేను, చూసి ఆనందించింది కూడా నేనే. భోజనాల వేళకి ముగ్గురు పెద్దమనుషులు కుంటుతూ లోపలికి పోయారు. జత మార్చుకోవచ్చని ఒక్కడికీ తట్టలేదు. నేల ఎత్తుపల్లాలుగా ఉందని ఇంజినీరింగ్ సెక్షన్‌కి ఫోన్ చేశారు.

వీళ్లు కణంలో ఏముందో కనిపెడతారట.

సెప్టెంబరు 26, శుక్రవారం

నా ఉద్యోగం ఏమిటో ఒకసారి రాసుకోవాలి. ఎవరికో చెప్పడానికి కాదు, నాకే అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

యూనివర్సిటీ మొత్తానికీ కలిపి పెట్టిన మైక్రోస్కోపుల సెంటర్ ఇది. మెడిసిన్ వాళ్లు, ఫార్మసీ వాళ్లు, బయోటెక్ వాళ్లు స్లాట్ బుక్ చేసుకుని వస్తారు, చూసుకుంటారు, ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ పోతారు. నేను అటెండర్ని. ఇంటర్ దగ్గర చదువు నన్ను వదిలేసింది. నేనూ బతిమాలలేదు.

కాన్‌ఫోకల్ ఆపరేటర్ బాబ్జీ. కాన్‌ఫోకల్ అంటే రంగు వేసిన కణాల్ని లేజర్‌తో వెలిగించి చూపించే మైక్రోస్కోప్. మిషన్‌ని ఎవరు ముట్టుకున్నా ఆయనకి కడుపునొప్పి వస్తుంది. డైరెక్టర్ ప్రొఫెసర్ కోటిలింగం. ఆయన అసలు ముట్టుకోడు. పక్కన నిలబడి ఫొటో దిగుతాడు.

ఇక జ్యోతిర్మయి. చీరాల నేతవాళ్ల పిల్ల, కోటిలింగం దగ్గర పీహెచ్‌డీ. అందరూ అన్నం తినే వేళ చూసి బాబ్జీ ఆ పిల్లకి స్లాట్ ఇస్తాడు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల ముక్కుల్లోంచి చిన్న బ్రష్‌తో కణాలు తీసుకొచ్చి ఇక్కడ చూస్తుంది. ముక్కు లోపల సన్నటి వెంట్రుకలు ఉంటాయట, చీపురు పుల్లల్లాగా. దుమ్ముని బయటికి ఊడ్చేవి అవేనట. కారం దుమ్ములో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకి ఆ పుల్లలు రాలిపోతున్నాయని ఆమె అనుమానం. డిసెంబరు ఆఖరుకి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. గైడు సంతకం లేకపోతే థీసిస్ తీసుకోరు. గైడు కోటిలింగం. దేవుడు ఎవరి పక్షమో దీన్నిబట్టే తెలుస్తోంది.

మా ఆవిడ పున్నమ్మ కూడా తొడిమలే తీస్తుంది. తనూ ముక్కు ఇచ్చి వచ్చింది. మీ సెంటర్లో ఇంతమంది చదువుకున్నోళ్ల మధ్య నా ముక్కు ఒక్కటే ఉందయ్యా, కాస్త కనిపెట్టుకుని ఉండు అంది.

అక్టోబరు 1, బుధవారం

ఆయుధ పూజ. సెలవైనా సరే డైరెక్టర్ అందర్నీ రప్పించాడు. డ్రైవర్లు లారీలకి చేసుకున్నట్టు మేం మైక్రోస్కోపులకి చేసుకుంటాం. బంతిపూలు, నిమ్మకాయలు, అగరొత్తులు. ఈ గదిలోకి దుమ్ము రాకూడదని మిగతా సంవత్సరమంతా మనిషిని చెప్పులు విప్పించి నిలబెడతారు. ఇవాళ మాత్రం పొగ వేయొచ్చు. కొబ్బరినీళ్లు పడతాయని బాబ్జీ మిషన్‌కి గొడుగు పట్టాడు. నిజంగానే గొడుగు.

పసుపు దుగ్గిరాల నుంచి తెప్పించాడు కోటిలింగం. దాని మీద ప్రసంగం కూడా తెచ్చాడు. మన అమ్మమ్మల వంటిళ్లే అసలైన లేబరేటరీలట. తెల్లవాళ్లు ఇప్పుడిప్పుడే కళ్లు నులుముకుంటున్నారట. పులిహోర చల్లారిపోతోందని ఎవరూ చెప్పలేదు.

పళ్లెం నా చేతిలో పెట్టి అన్నిటికీ బొట్లు పెట్టమన్నారు. పెట్టాను. మిషన్‌కి, ఫ్రిజ్‌కి, స్టెబిలైజర్‌కి, ఏసీ రిమోట్‌కి. చివరికి బాబ్జీ బట్టతలకి. పొరపాటండి, ఇదీ సెంటర్ ఆస్తే అనుకున్నాను అన్నాను.

తర్వాత అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. లోపల సర్దింది నేనే.

అక్టోబరు 6, సోమవారం

జ్యోతిర్మయి స్లైడ్‌లో ఆకుపచ్చ చుక్కలు కనపడ్డాయి. తను వేసిన రంగు ఎరుపేనట, ఆకుపచ్చ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదంది. సెట్టింగ్ తప్పు అన్నాడు బాబ్జీ. సెట్టింగ్ పెట్టింది మీరే కదండీ అంది. వచ్చే వారం ఆమె స్లాట్ పోయింది.

అక్టోబరు 9, గురువారం

కోటిలింగం కుంటుతూ లోపలికి వచ్చాడు. స్క్రీన్ మీద చుక్కలు చూశాడు. చీకట్లో ఆయన ముఖం కూడా ఆకుపచ్చగా వెలిగింది. చాలాసేపు మాట్లాడలేదు. కోటిలింగం మాట్లాడకపోతే ప్రమాదం, లోపల ఏదో పొంగుతోందని అర్థం.

పొంగింది. రోజూ కారం దుమ్ము పీల్చీ పీల్చీ ఈ ఆడవాళ్ల కణాలు ఆత్మరక్షణ కోసం కొత్త గుళికలు తయారు చేసుకున్నాయట. ప్రపంచంలో ఇంకెక్కడా లేవట. పేరు కూడా అక్కడికక్కడే పెట్టేశాడు, గుంటూరు గ్రాన్యూల్స్. అమ్మాయ్, నువ్వు అదృష్టవంతురాలివి, నీ థీసిస్ మొత్తం మార్చెయ్ అన్నాడు.

సార్, మరి రాలిపోయిన వెంట్రుకల సంగతో అంది ఆ పిల్ల.

వెంట్రుకలు ఎవడిక్కావాలి అన్నాడు. నెత్తి మీద ఉన్న నాలుగూ తడుముకుంటూ.

అక్టోబరు 10, శుక్రవారం

బాబ్జీ మిషన్ పక్కన నిలబడి మొదటిసారి ఫొటో దిగాడు. పైత్యం అంటుకుంటుంది.

అక్టోబరు 16, గురువారం

పేపర్లో వేశారు, కోటిలింగం ఫొటోతో సహా. మిరప దుమ్ము ముప్పు కాదు, రక్షణ కవచం అని హెడ్డింగు. కోల్డ్ స్టోరేజీలో సూపర్వైజర్ దాన్ని కత్తిరించి గోడకి అంటించాడట. ఎవరైనా దగ్గితే వేలు పెట్టి చూపిస్తున్నాడట. ముక్కుకి కట్టుకోవడానికి గుడ్డలివ్వమని అడుగుతున్న వాళ్లతో, మీకింకెందుకమ్మా, లోపలే కవచం ఉందిగా అన్నాడట.

పున్నమ్మ వచ్చి చెప్పింది. దగ్గుతూనే చెప్పింది. ఏమయ్యా, నా ముక్కులో కవచం ఉందని రాయడానికి మీ సారు నా ముక్కులో దూరి చూశాడా అంది. మైక్రోస్కోప్‌లో చూశాడన్నాను. ఆ మైక్రోస్కోప్ తీసుకెళ్లి ఆయన్ని ఒక్క పూట మా దగ్గర కూర్చోబెట్టు, ఆయనక్కూడా వస్తుందేమో కవచం అంది.

నేను నవ్వాను. తను నవ్వలేదు.

అక్టోబరు 23, గురువారం

జ్యోతిర్మయికి మళ్లీ స్లాట్ దొరికింది. ఈసారి తెలివిగా వచ్చింది. మిరపకాయ మొహం చూడని ఆఫీసు క్లర్కు ముక్కులోంచి కణాలు తెచ్చి పెట్టింది. చుక్కలే. ఏమీ లేని ఖాళీ గాజు పలక పెట్టింది. పైన ఎప్పటిలాగే ఒక్క నూనె బొట్టు వేసి, అందులో మునిగేలా లెన్స్ దించింది. చుక్కలే. ఖాళీ గాజుకి ముక్కు లేదు, మిరపకాయలూ లేవు. పరిగెత్తుకుంటూ డైరెక్టర్ రూమ్‌కి పోయింది. నేను టీ పట్టుకుని వెనకే పోయాను. అలాంటప్పుడు టీ ఆలస్యం చేయకూడదు.

క్లర్కు మాత్రం గుంటూరు కారం తినడా అన్నాడు కోటిలింగం. మరి ఖాళీ స్లైడ్ సార్ అంది. ఖాళీ స్లైడ్ ఎవరు చూడమన్నారు నిన్ను, ఖాళీ స్లైడ్‌కి పీహెచ్‌డీ ఇస్తారా ఎక్కడైనా అన్నాడు.

ఆ పిల్ల కదల్లేదు. లేనివాటిని ఉన్నాయని నేను రాయలేను సార్ అంది. రాయలేకపోతే సంతకం కూడా ఉండదమ్మా, వెళ్లి ఆలోచించుకో అన్నాడు. అమ్మా అని ఎంత మెత్తగా అన్నాడంటే, టీ కప్పు ఆయన ఒళ్లో వంపాలనిపించింది. నాకు అలాంటి కోరికలు రోజూ వస్తాయి. ఇవాళ్టిది కాస్త బలంగా వచ్చింది.

అక్టోబరు 24, శుక్రవారం

ఆ పిల్ల కూడా తెలివితక్కువదే. గ్రాన్యూల్స్ అని రాసేసి, డాక్టరేటు పుచ్చుకుని, తర్వాత తూచ్ అనొచ్చుగా. ఇక్కడ అందరూ చేసేది అదే.

నవంబరు 10, సోమవారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

కోటిలింగం తన పరిశోధన పేపర్ని పెద్ద జర్నల్‌కి పంపాలంటే బయటి యూనివర్సిటీ వాళ్ల పేరు కూడా ఉండాలట. అందుకని అలాంటి ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ సఫూరా మేడంని పిలిపించాడు. ముఖ్య అతిథి అని బోర్డు, పూలదండ, శాలువా. ఆవిడ శాలువా మడిచి బ్యాగులో పెట్టుకుని, మిషన్ చూద్దామా అంది. గుమ్మం దగ్గర చెప్పులు చూసింది. నాలుగు జతలు కలబోసి తన కొలతవి రెండు ఏరుకుని తొడుక్కుంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, ఇవాళ ఎవరికో మూడిందని.

చుక్కలు చూసింది. ఖాళీ స్లైడ్ అడిగింది. జ్యోతిర్మయి తీసి ఇచ్చింది. ఎప్పటి నుంచి జేబులో పెట్టుకు తిరుగుతోందో. మళ్లీ చుక్కలు. నూనె సీసా కొత్తది విప్పించింది. మళ్లీ చుక్కలు. అయితే లెన్స్ మీదే ఏదో ఉంది అంది. అని మిషన్ ఒంటి మీద నేను పెట్టిన బొట్టు చూసి, ఈ పసుపు ఎప్పుడు పెట్టారు అని అడిగింది.

దసరాకండి, దుగ్గిరాల పసుపు, స్వచ్ఛమైనది అన్నాడు కోటిలింగం గర్వంగా.

ఆవిడ సూదితో ఆ బొట్టు నుంచి రవ్వంత గీకి, ఇంకో ఖాళీ గాజు మీద నూనెలో కలిపింది. వేరే లెన్స్ తిప్పి చూసింది. స్క్రీన్ నిండా ఆకుపచ్చ. అచ్చం అవే చుక్కలు, ఇంకా దట్టంగా. నీలం లేజర్ పడితే పసుపు ఇలాగే వెలుగుతుందండి, లెన్స్‌కి పసుపు పూశారెవరో అంది. చాలా మర్యాదగా అంది.

నేను నా జీవితంలో ఎన్నో వేషాలు వేశాను గానీ గదిలో ఇంతమందిని ఒకేసారి ఇంత మూగగా ఎప్పుడూ నిలబెట్టలేదు. కుళ్లుకున్నాను.

కోటిలింగం తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. గ్రాన్యూల్స్ అప్పటికే ఆయనవి కావు, ఆ పిల్లవి అయిపోయాయి. ఈ స్కాలర్‌కి మొదటి నుంచీ అశ్రద్ధేనండి, నూనె లెన్స్ వాడేది ఎక్కువగా ఈమే, ఏ గుడ్డతో తుడిచిందో, నన్ను కూడా తప్పుదారి పట్టించింది, ఎంక్వయిరీ వేయిస్తాను అన్నాడు. బాబ్జీ తల ఊపాడు. ఊపడానికి ఆ తల బాగా పనికొస్తుంది.

నవంబరు 11, మంగళవారం

లెన్స్ తుడిచింది నేను. పూజ నాడు, పసుపు అంటిన గుడ్డతో.

నవంబరు 12, బుధవారం

మెట్ల మీద కూర్చుని జ్యోతిర్మయి క్యారేజీ తింటోంది. ఏడుస్తుంటే పక్కకి తప్పుకుని పోయేవాణ్ణి. పప్పు, వంకాయ కూర, ముద్ద తర్వాత ముద్ద. బాబాయ్, నేను లెన్స్ పేపర్ తప్ప దేనితోనూ తుడవలేదు అంది. తెలుసులే అన్నాను. ఎలా తెలుసని అడగలేదు.

ఎంక్వయిరీ కమిటీ తప్పు నాదంటే డిబార్ చేస్తారు. కాదంటే ఆయన గైడుగా ఉంటాడు, సంతకం పెట్టడు. ఎటు తిరిగినా డిసెంబరు అయిపోతుంది అంది. మా అమ్మ మగ్గం నేర్పుతానంటే చదువుకుంటానని గోల చేశాను బాబాయ్, ఇప్పుడు చేతులు వంగవేమో అని నవ్వింది. పెరుగన్నంలో ఊరగాయ నాకు కూడా పెట్టబోయింది.

తినకుండా వచ్చేశాను. ఊరగాయ వద్దనడం నా వయసులో ఇదే మొదలు.

నవంబరు 14, శుక్రవారం, ఉదయం 6

పూజ నాడు అసలేం జరిగిందో అప్పుడు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అందరూ పులిహోర ముందు కూర్చున్నాక కాన్‌ఫోకల్ గది సర్దడానికి పోయాను. కోటిలింగం ఒక్కడే ఉన్నాడక్కడ, చేతులు వెనక్కి కట్టుకుని. ఏమయ్యా యలమందా, ఎవరెవరి ముక్కుల్లోవో తెచ్చి ఈ లెన్స్ కింద పెడుతున్నారు, క్రిములుండవూ అన్నాడు. ఎందుకుండవండి అన్నాను. ఆ స్పిరిట్లూ గిరిట్లూ దండగ, పసుపు నీళ్లలో గుడ్డ ముంచి తుడిచెయ్, పసుపుకి చావని క్రిమి ఈ భూమ్మీద లేదు అన్నాడు. బాబ్జీ గారు ఊరుకోరేమోనండి అన్నాను. బాబ్జీకి చెప్పమని ఎవడన్నాడు, నేను చెప్తున్నాను కదా అన్నాడు.

తుడిచాను. ఇదీ జరిగింది. కమిటీ ముందు ఇదే చెప్తాను.

నవంబరు 19, బుధవారం

చెప్పాను.

రిజిస్ట్రార్ మధ్యలో. ఒక పక్క సఫూరా మేడం. బయటి మనిషి ఉంటే బాగుంటుందని ఆవిణ్ణే వేశారు. ఎదురుగా కోటిలింగం, గోడ పక్కన జ్యోతిర్మయి. నన్ను నిలబెట్టారు. సంతోషం, నిలబడితేనే నాకు మాట బాగా వస్తుంది.

తుడిచింది నేనండి, ఆ అమ్మాయి కాదండి అన్నాను. ఎవరు చెప్తే తుడిచావు అన్నాడు రిజిస్ట్రార్. డైరెక్టర్ గారేనండి అని పై పేజీలో ఉన్నదంతా చెప్పాను, గొంతుతో సహా. ఆయన గొంతు నేను బాగా తీస్తాను. రిజిస్ట్రార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కోటిలింగం కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. అబద్ధం, వీడు పచ్చి తుంటరి వెధవ, యూనివర్సిటీలో ఎవరినడిగినా చెప్తారు, బాబ్జీ తలకి బొట్టు పెట్టాడు వీడు అన్నాడు. అదీ నిజమే కాబట్టి ఒప్పుకున్నాను.

అప్పుడు సఫూరా మేడం చాలా నెమ్మదిగా, పోనీ సార్, పసుపుతో తుడవడం పూర్తిగా తప్పంటారా, దానికి క్రిములు చావవంటారా అని అడిగింది. ఎంత అమాయకంగా అడిగిందంటే, ఈవిడ మా ఊళ్లో పుట్టి ఉంటే తుంటరిగా నా ఉద్యోగం పోయేదనుకున్నాను.

ఎందుకు చావవండీ అన్నాడు కోటిలింగం. ఇక ఆగలేదు. అమ్మమ్మలు వచ్చారు, వంటిళ్లు వచ్చాయి, తెల్లవాళ్లు కళ్లు నులుముకున్నారు. అందరూ రెప్ప వేయకుండా వింటున్నారు. చివరికొచ్చేసరికి ఆయనకే మబ్బు విడిపోయినట్టుంది. కూర్చున్నాడు. నేనేదో సూత్రప్రాయంగా అని ఉండవచ్చు, వీడు అక్షరాలా చేశాడు అన్నాడు.

రాసుకోండి అన్నాడు రిజిస్ట్రార్ టైపిస్టుతో.

నవంబరు 28, శుక్రవారం

ఆర్డర్లు వచ్చాయి. జ్యోతిర్మయి తప్పేమీ లేదు. గైడు మారాడు. కంపెనీ మనిషి వచ్చి లెన్స్ శుభ్రం చేసి పోయాడు. పాత స్లైడ్‌లన్నీ మళ్లీ చూసుకోవడానికి స్లాట్ ఇచ్చారు, ఈసారి పొద్దున పూట.

నాకు మెమో, పరీక్షల విభాగానికి బదిలీ. ప్రశ్నపత్రాల మధ్య నన్ను పెట్టిన మహానుభావుడు ఎవరో తెలియదు గానీ నమస్కారం.

కోటిలింగాన్ని డైరెక్టర్‌గా తీసేశారు. తీసేసి సంప్రదాయ విజ్ఞాన కేంద్రానికి సమన్వయకర్తని చేశారు. పెద్ద గది, కొత్త బోర్డు, కొత్త సోఫా. మొదటి ప్రాజెక్టు పసుపు మీదే. మన దగ్గర కింద పడేవాళ్ల కోసం ఎప్పుడూ పరుపు వేసే ఉంటుంది.

డిసెంబరు 12, శుక్రవారం

జ్యోతిర్మయి థీసిస్ ఇచ్చేసింది. సంతకంతో సహా.

పున్నమ్మని పిలిపించి కంప్యూటర్లో తన ముక్కే తనకి చూపించింది. ఆకుపచ్చ ఎక్కడా లేదు. ఎర్రటి వెంట్రుకలు, అక్కడ ఒకటి ఇక్కడ ఒకటి, మధ్యలో బోడి నేల. క్లర్కుది పక్కన పెట్టి చూపించింది, దట్టంగా గడ్డి మొలిచినట్టు. పున్నమ్మ చాలాసేపు చూసింది. మరి చీపురే అరిగిపోతే ఇల్లెట్టా ఊడుస్తారమ్మాయ్ అంది.

ఆ రెండు బొమ్మలూ ప్రింటు తీయించుకుంది. సూపర్వైజర్ అంటించిన పేపర్ కటింగ్ మీద వీటిని అంటించిందట. గుడ్డలిచ్చేదాకా మిరప గోనె ముట్టుకునేది లేదని ఆడవాళ్లంతా కూర్చున్నారట. వాళ్లు గెలుస్తారో లేదో తెలియదు. దగ్గు మాత్రం తగ్గలేదు.

డిసెంబరు 18, గురువారం

పసుపుతో తుడవమన్న ఆ మాట కోటిలింగం నాతో ఎప్పుడూ అనలేదు. నేనే కల్పించాను. గుడ్డ చేతికందింది, లెన్స్ మురిగ్గా కనపడింది, తుడిచాను. అంతే. నమ్మేలా ఉందో లేదో చూసుకుందామని ముందు ఇక్కడ రాశాను, తర్వాత అక్కడ చెప్పాను.

ఇవాళ కొత్త ఆఫీసు వరండాలో ఆయన ఎదురుపడ్డాడు. కోపం లేదు. ఆ రోజు కాన్‌ఫోకల్ గదిలో నీకా మాట చెప్పినప్పుడు నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను కదూ యలమందా అని అడిగాడు.

అవునండి, మీ మొహం మీద ఎండ పడుతోందండి అన్నాను.

ఆ గదికి కిటికీ లేదు.